'గట్టి మనిషి'కి సొంతవాక్యం

ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను. "కింది పదాలకు అర్థాలు రాసి, సొంతవాక్యాల్లో ప్రయోగించండి" అని ఎన్ని ప్రశ్నపత్రాల మీద రాసి ఉంటానో నాకే తెలీదు. పిల్లలు వెధవలు, ఏ పదమిచ్చినా ఒకటే వాక్యం రాసేవారు. 'ఔదార్యం' ఇస్తే "ఔదార్యం చాలా మంచిది." 'క్రౌర్యం' ఇస్తే "క్రౌర్యం చాలా చెడ్డది." ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, "ఇదీ ఒక వాక్యమేనట్రా? వాక్యంలో మనిషి కనపడొద్దూ?" అని చెవి మెలిపెట్టేవాణ్ణి. రిటైరైన నాలుగేళ్ళకి నా వంతు వచ్చింది. నాకిచ్చిన పదం 'గట్టి మనిషి'. రాయాల్సింది మా అక్కయ్య ఎలీసమ్మ గురించి.

అక్కయ్య పోయిన వారానికి మా ఊరి చర్చి పాస్టరు గారు ఫోన్ చేశారు. మాలో మనిషి పోయాక ఆదరణ కూడిక పెడతాం. ఆ రోజున పోయినవారి జీవిత విశేషాలు ఒకరు కాగితం మీద రాసుకొచ్చి అందరి ముందూ చదువుతారు. ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు పెళ్ళయింది, పిల్లలెందరు, ఏం మంచి పనులు చేశారు, ఇవన్నీ. మా పేటలో ఎవరు పోయినా ఆ కాగితం నా చేతికే వస్తుంది, తెలుగు మాస్టార్ని కదా.

"ఆదివారం కూడికండి మాస్టారూ. ఒక పేజీ చాలండి. అమ్మగారు గట్టి మనిషండి. ఆ మాట మాత్రం పడాలండి" అన్నారాయన.

"అలాగేనండి" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఒళ్ళు మండిపోయింది. పాపం ఆయన మీద కాదు, ఆ మాట మీద.

దానికి అర్థం చెప్పడానికి నిఘంటువు అక్కర్లేదు. గట్టి నేల, గట్టి తాడు, గట్టి పెరుగు. వస్తువుల పక్కన ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. మనిషి పక్కన చేరాకే దాని వేషాలు మొదలవుతాయి. మా కోనసీమలో మగవాణ్ణి "గట్టోడండి" అంటే పని పట్టాడంటే సాధిస్తాడని, పదిమందిని నడిపిస్తాడని. అక్కడితో సరి. ఆడమనిషిని "గట్టిదండోయ్" అంటే మాత్రం ఆ 'ఓయ్' దగ్గర మూతి కాస్త వంకర తిరుగుతుంది. సగం మెప్పు, సగం దెప్పు. ఆవిడ జోలి మనకెందుకులే అని పక్కకి తప్పుకోవడం కూడా అందులోనే కలిసి ఉంటుంది.

మా అక్కయ్యని మొదట ఆ మాట అన్నవారు సత్తిరాజు గారు. ఐనవిల్లి దగ్గర మా ఊళ్ళో పన్నెండెకరాల ఆసామి. నలభై ఏళ్ళ కిందటి సంగతి. అప్పటికి మా బావగారు జ్వరమొచ్చి పోయి రెండేళ్ళు, అక్కయ్య కొడుకు ఎబినేజర్‌కి ఆరేళ్ళు. అక్కయ్య ఊడ్పు ముఠాకి మేస్త్రి. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు చేలో వంగి వరసగా నారు నాటుతుంటే, మేస్త్రి గట్టు మీద నిలబడి వరసలు సరిచూడాలి, రైతుతో మాటలన్నీ తనే మాట్లాడాలి. ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. పదకొండింటికి రావాల్సిన టీ పన్నెండైనా రాలేదు. అక్కయ్య గట్టు మీద నుంచి "లెగండే!" అని ఒక్క కేక వేసింది. పద్దెనిమిది నడుములూ లేచాయి. మడి సగం నాటింది సగంలోనే ఉండిపోయింది.

సత్తిరాజు గారు గొడుగేసుకుని పరుగున వచ్చారు. "ఏంటే ఎలీసమ్మా, పని ఆపించేసేవు?"

"టీ రాలేదండి."

"వస్తాదిలే, ముందు పని కానియ్యండి."

"వచ్చేక దిగుతామండి. మనుషులు వణికిపోతున్నారండి. వణికే చేత్తో నాటితే మొక్క నిలబడదండి. నష్టం తవరికేనండి."

గొంతు పెంచలేదు. ప్రతి మాటకీ 'అండి' తగిలించింది. ఉన్నచోటు నుంచి మాత్రం అంగుళం కదల్లేదు. పావుగంటలో బిందెడు టీ వచ్చింది. "అబ్బో, గట్టిదే!" అని నవ్వారు సత్తిరాజు గారు. ఆ నవ్వులో పులుపు గట్టు మీద అందరికీ తెలిసింది.

తర్వాత రెండేళ్ళకి ముఠాలో చిన్నది ముత్యాలుని ఆయన చేలోనే పాము కరిచింది. మగవాళ్ళు చుట్టూ చేరి మంత్రం వేయిద్దామా, పసరు పోయిద్దామా అని వాదించుకుంటున్నారు. అక్కయ్య వాళ్ళని తోసుకుని సత్తిరాజు గారి ముందుకెళ్ళి, "బండి తియ్యండి. తవరు తోలండి, నేను దీన్ని పట్టుకు కూర్చుంటాను" అంది. పేట మనుషుల్ని ఆసామి తన మోటారు సైకిలు మీద ఎక్కించుకోవడం అప్పటికి ఎవరూ ఎరగరు. ఆలోచించే వ్యవధి ఇస్తేగా! బురద కాళ్ళతో ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు, ఆయన అమలాపురం దాకా తోలారు. ముత్యాలు బతికింది. సాయంత్రం ఆయనే తన అరుగు మీద కూర్చుని, "గట్టి మనిషిరా బాబూ! నన్ను నోరెత్తనిస్తేనా!" అని అందరికీ చెప్పారు. ఆ మాటే, ఆ నోరే, ఈసారి పులుపు లేదు.

వరదలప్పుడు ఇంకో ముచ్చట. గోదావరి మధ్య లంకలో చిక్కుకున్నవాళ్ళ కోసం పడవలొస్తే ఒకటే తోపులాట. అక్కయ్య మోకాల్లోతు నీళ్ళలో నిలబడి, "ముందు బాలింతలు, తర్వాత ముసలాళ్ళు, మీసాలున్నోళ్ళు ఆఖర్న!" అని అరిచింది. మీసాలున్నవాళ్ళంతా నోరు మూసుకుని వెనక్కి జరిగారు. పడవలో వచ్చిన ఆఫీసరు గారు, "ఎవరండీ ఆవిడ, సర్పంచా?" అని అడిగారట. "కాదండి, ఊడ్పు మేస్త్రండి" అన్నారట మనవాళ్ళు. ఆఖరి పడవలో ఆఖరున ఎక్కింది ఆవిడే.

నన్నూ ఆవిడే ఒడ్డెక్కించింది. వీటన్నిటికన్నా ముందు, పదో తరగతి తప్పి, ఇక చదవనని నేను మొండికేస్తే తిట్టలేదు. మర్నాడు చేలోకి తీసుకెళ్ళి, నారు కట్ట చేతిలో పెట్టి, ఒక మడి నాటమంది. సాయంత్రానికి నా నడుము పట్టేసింది. "వంగుతావా, చదువుతావా? మనకి రెండే ఉన్నాయిరా సుందరం" అంది. చదివాను. పండిట్ ట్రైనింగ్ అయ్యేదాకా నా పుస్తకం, నా చొక్కా, నా హాస్టల్లో ముద్ద, అన్నీ ఆవిడ నడుము వంచితే వచ్చినవే.

ఒకసారి అడిగాను. "అందరూ నిన్ను గట్టిది, గట్టిది అంటారు. నీకు కోపం రాదా అక్కయ్యా?"

"ఎవరో ఒకరు గట్టు మీద నిలబడాలి కదరా" అంది. మళ్ళీ తనే, "నాకు చేలో దిగడమే ఇష్టం. పదిమందితో వంగితే కబుర్లుంటాయి, పాటలుంటాయి. గట్టు మీద ఒక్కదాన్నే కదా, ఎవత్తీ మాటాడదు" అని నవ్వేసింది. నేనూ నవ్వాను. తెలుగు మాస్టారికి అంతకన్నా ఏం తెలిసింది!

మొన్న మే నెలలో ఎబినేజర్ పోయాడు. నలభై ఆరేళ్ళు. లెక్కల మాస్టారు. కాలవ గట్టు రోడ్డు మీద మలుపులో లారీ గుద్దేసింది. భార్య జెస్సీ అమలాపురంలో నర్సు, కూతురు నిఖిత ఇంటర్ చదువుతోంది. అక్కయ్యతో కలిసి అందరూ ఒకే ఇంట్లో ఉండేవారు.

ఆ రోజు అక్కయ్య ఏడవలేదు. షామియానా ఎక్కడ కట్టాలో, పెట్టె ఎవరు మొయ్యాలో, దూరం నుంచి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఎవరివ్వాలో అన్నీ ఆవిడే చెప్పింది. జెస్సీ స్పృహ తప్పి పడిపోతే పట్టుకుంది. నిఖితకి బలవంతాన మజ్జిగ తాగించింది. వచ్చినవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. "చూసేరా, కంట్లో చుక్క లేదు. గట్టి మనిషండి!" నేనూ అన్నాను, దాచడమెందుకు. "మా అక్కయ్యండి మరి" అని గర్వంగా కూడా చెప్పుకున్నాను. సాయంత్రానికి అందరం ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళిపోయాం. గట్టి మనిషి ఉన్న ఇంట్లో ఇంకొకరి అవసరం ఏముంది?

జూన్ నెలాఖరులో ఫోన్ చేసింది.

"ఒరేయ్ సుందరం, నాలుగు రోజులు మీ ఇంటికొచ్చి ఉంటాన్రా."

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నన్నేదీ అడగలేదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. అమలాపురంలో మా ఇంట్లో టైల్స్ వేయిస్తున్నాం. హాలంతా సిమెంటు, మంచాలూ బీరువాలూ వరండాలో.

"ఇప్పుడెక్కడ అక్కయ్యా! ఇల్లంతా పీకి పందిరేసి ఉంది. కూర్చోడానికి ఖాళీ లేదు. ఈ పనయ్యేక రా" అన్నాను. పైగా నవ్వుతూ, "అయినా నీకేంటి, నువ్వు గట్టి మనిషివి. జెస్సీకే నువ్వు ధైర్యం చెప్పాలి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అంది.

మా గోదావరి జిల్లాల బయటివాళ్ళకి ఇది విడమర్చి చెప్పాలి. 'ఆయ్' అనేది మేం పెద్దవాళ్ళకి, ఆసాములకి, ఆఫీసర్లకి 'సరే' చెప్పే మాట. సొంత తమ్ముణ్ణి, అందులోనూ తన చేత్తో పెంచినవాణ్ణి, ఏ అక్కా 'ఆయ్, అండి' అనదు. 'ఒరేయ్' అని మొదలెట్టిన మనిషి, నేను నాలుగు ముక్కలు మాట్లాడేసరికి 'అండి'లోకి వెళ్ళిపోయింది. నన్ను పరాయి ఆసామిని చేసి అవతల నిలబడింది. ఒక విభక్తి తప్పితే వీధి చివర నుంచి పట్టుకునే పండితుణ్ణి, ఇది పట్టుకోలేకపోయాను. టైల్స్ వేసేవాళ్ళు పిలుస్తున్నారని ఫోన్ పెట్టేశాను.

జూలైలో సార్వా పంటకి ఊడ్పులు మొదలయ్యాయి. మోకాళ్ళ నొప్పులతో అక్కయ్య చేలో వంగడం మానేసి పదేళ్ళయింది. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గట్టు మీద నుంచే మేస్త్రి పని చూసుకునేది. ఈసారి చీర ఎగ్గట్టి వరసలోకి దిగింది. డెబ్భై రెండేళ్ళ మనిషి! ఊరంతా చెప్పుకున్నారు. సత్తిరాజు గారు అమలాపురంలో కనపడి, "కొడుకు పోయిన రెండు నెల్లకే పన్లోకి దిగిందండి మాస్టారూ. గట్టితనమంటే అదండి" అన్నారు. "మొదట్నించీ అంతేనండి" అని నేను తలూపాను.

ఆగస్టు మొదటి వారంలో, వంగినావిడ వంగినట్టే ముందుకి పడిపోయింది. గట్టు మీదికి తెచ్చేసరికే ప్రాణం లేదు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు గారు.

కాగితానికి వివరాలు రాసుకుందామని శుక్రవారం వాళ్ళింటికి వెళ్ళాను. జెస్సీ టీ ఇచ్చి, తేదీలన్నీ చెప్పింది. చివర్న అంది కదా, "ఇంకోటి కూడా రాయండి మావయ్యగారూ. మీరు నాలుగు రోజులు వచ్చి ఉండమని ఎంత బతిమాలేరో కదండీ. 'తమ్ముడు మరీ మరీ రమ్మంటన్నాడే, ఊడ్పులొదిలి ఎలా వెళ్తాను' అన్నారండి నాతో. అంత గట్టి మనిషండి."

నేను రమ్మన్నానట. బతిమాలానట. తన కోడలి ముందు, మనవరాలి ముందు నా పరువు పోకూడదని అబద్ధమాడి పోయింది మహాతల్లి. నేనేం చేశాను? "ఊఁ" అన్నాను. సిగ్గూ ఎగ్గూ లేకుండా "ఊఁ" అన్నాను. పైగా బుర్రలో వాక్యం కూడా తయారైపోయింది. 'తమ్ముడు ఎంత ఆహ్వానించినా విశ్రాంతిని నిరాకరించిన గట్టి మనిషి.' ఎంత బాగా కుదిరిందో! పాస్టరు గారు కోరిన మాట పడింది, జెస్సీ చెప్పింది పడింది, నేను చేసింది మాత్రం ఎవరికీ కనపడకుండా పోయింది.

వీధిలోకి వచ్చేసరికి ముత్యాలు తన గుమ్మంలో నిలబడి ఉంది. యాభై ఎనిమిదేళ్ళు ఇప్పుడు.

"మేస్టారండీ, అక్క గురించి రాస్తన్నారంట కదండీ. ఒక మాట చెప్పనాండి? ఎవరికీ చెప్పలేదండి."

"చెప్పమ్మా."

"ఊడ్పులో అందరం వంగే ఉంటాం కదండీ. ఒకరి మొకం ఒకరికి అవపడదండి. అక్క నా పక్క వరసండి. అక్క ముందు నీళ్ళలో చుక్కలు పడతన్నాయండి. వానొచ్చిందేమో అని పైకి చూసేనండి. ఎండ కాస్తందండి." ముత్యాలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రోజూ అంతేనండి, దిగింది మొదలు లేచేదాకా. ఇనపడకుండా మమ్మల్ని పాట గట్టిగా పాడమనేదండి. 'ఏంటక్కా ఇది' అంటే, 'ఇంట్లో నేనేడిస్తే జెస్సీ నిలబడదే. తమ్ముడింటి కాడ నాలుగు రోజులు ఏడ్చుకుని వద్దారనుకున్నాను. ఆళ్ళిల్లు కాళీగా లేదంట' అందండి."

ఆ గుమ్మం మీదే కూలబడ్డాను. ముత్యాలు నన్ను తప్పు పట్టడానికి చెప్పలేదు. ఇల్లు ఖాళీ లేకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారన్నట్టే చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది. మంచినీళ్ళు తెచ్చిచ్చి, "పెద్దోరైపోయేరండి, ఎండలో తిరక్కండి" అంది.

ఆదివారం నాడు చర్చి నిండిపోయింది. ముఠా ఆడవాళ్ళంతా తెల్లచీరల్లో ఒక పక్క కూర్చున్నారు. సత్తిరాజు గారు ముందు వరసలో, ఆయనకి ఇవతల జెస్సీ, నిఖిత. నా జేబులో రెండు కాగితాలున్నాయి. జెస్సీ చెప్పినట్టు రాసింది ఒకటి, జరిగింది జరిగినట్టు రాసింది ఒకటి. మైకు చేతికి తీసుకునేదాకా ఏది తీస్తానో నాకే తెలీదు. మొదటి కాగితమే తీశాను, నిజం చెబుతున్నాను. 'విశ్రాంతిని నిరాకరించిన గట్టి మనిషి' అన్న చోట కళ్ళు ఆగిపోయాయి. ఏ పిల్లాడైనా ఈ వాక్యం రాసి ఉంటే అడ్డంగా కొట్టేసేవాణ్ణి. అందులో ఎక్కడా మా అక్కయ్య లేదు. దాన్ని మడిచి జేబులో పెట్టేసి రెండోది తీశాను.

"మా అక్కయ్యని అందరూ గట్టి మనిషి అన్నారు. అందరికన్నా ఎక్కువసార్లు నేనే అన్నాను. ఆ మాటని నేను వాడిన అర్థం ఇది: ఈవిడ దగ్గరికి మనం వెళ్ళక్కర్లేదు, ఈవిడే అందరి దగ్గరికీ వస్తుంది. కొడుకు పోయిన నెలకి, ఏడవడానికి చోటు కావాలని నన్నడిగింది. నేను రమ్మనలేదు. ఇంట్లో టైల్స్ పని ఉందన్నాను. తమ్ముడు బతిమాలాడని ఇంట్లో అబద్ధం చెప్పింది. తర్వాత చేలోకి దిగి, వంగి ఏడ్చింది. పని చేస్తోందనుకున్నాం మనం."

ఇంకా ఉంది కానీ చదవలేకపోయాను. జెస్సీ నా వైపే చూస్తోంది. ఆ పిల్ల నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. తిట్టలేదు.

"నేనున్నాననా అత్తయ్యగారూ... నేను ఇంట్లో ఉన్నాననా ఏడవలేదు మీరు!" అని ఒక్కసారిగా గొల్లుమంది. భర్త పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

సత్తిరాజు గారు లేచి వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టారు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. "ఊరుకోమ్మా, ఊరుకో. పిల్లుంది నీకు. మీ అత్తగారిలా గట్టిగా ఉండాలి."

మంచికే అన్నారు. డెబ్భై ఏళ్ళ పెద్దమనిషి, మా ఊరి ఆసామి. కానీ నాకు పూనకం వచ్చినట్టయింది.

"ఆ మాట ఎత్తకండి!" అని అరిచాను. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది, చర్చి అదిరిపోయింది. "దాంతోనే చంపేశాం ఒకావిణ్ణి. ఈ పిల్లని ఏడవనివ్వండి. ఎవ్వరూ ఆపకండి!"

సత్తిరాజు గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "తప్పైపోయిందండి మాస్టారూ" అని మెల్లిగా వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు.

నేను మైకు పాస్టరు గారికిచ్చేసి, ఒక కుర్చీ లాక్కుని జెస్సీ పక్కన కూర్చున్నాను. నిఖిత రెండో పక్కకి వచ్చింది. ప్రార్థన అయింది, పాట అయింది, బయట భోజనాలకి పిలిచారు. మేం లేవలేదు. జెస్సీ ఏడుస్తూనే ఉంది. గంటసేపు అయి ఉంటుందేమో. ఒక మనిషి ఏడుస్తుంటే పక్కన కూర్చోవడం, అంతే పని. దానికి ఇల్లు సర్దక్కర్లేదు, మంచం వెయ్యక్కర్లేదు, ఒక కుర్చీ పట్టేంత చోటుంటే చాలు. ఈపాటిదానికి ఖాళీ లేదన్నాను మా అక్కయ్యతో.